కడపలో కొత్త ఇంటికి పెద్ద అక్వేరియం: ఎత్తు తగ్గించండి, వెడల్పు పెంచండి

మీ ప్రశ్నను కుదించి చెప్తున్నా, పొరపాటుంటే సరిచేయండి. కడపలో ఇల్లు కట్టుకున్నారు, కాపురం మొదటి అంతస్తులో. హాలు 16 అడుగులకు 13 అడుగులు. ఒక షాపులో నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు, మూడడుగుల ఎత్తున్న తొట్టి చూపించి "జాగా తక్కువ, చూడ్డానికి గ్రాండ్‌గా ఉంటుంది" అన్నారు. మీ బామ్మర్ది మాత్రం మూలలో పెట్టుకునే మోడల్, ముందు అద్దం విల్లులా వంగినది, బాగుంటుందంటున్నాడు. పిల్లలకు అరోవానా చేప కావాలి, ఆస్కార్ చేప కావాలి. నీళ్లు బోరువి. పాత రెండడుగుల తొట్టి ఒకటుంది, అమ్మేయాలా అని అడిగారు. స్లాబు బరువు మోస్తుందా అనేది చివర్లో అడిగారు గానీ మొదట అడగాల్సింది అదే.

నేరుగా చెప్తా. ఆ రెండు తొట్లూ వద్దు. ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 20 అంగుళాల ఎత్తుతో మామూలు దీర్ఘచతురస్రం తొట్టి చేయించుకోండి. గోడ అంత పొడవు లేకపోతే నాలుగడుగులు, రెండడుగులు, 18 అంగుళాలు. పొడవు తగ్గించినా, ఎత్తు తగ్గించినా నాకు అభ్యంతరం లేదు. వెడల్పు మాత్రం రెండడుగుల కిందికి రానివ్వకండి. అరోవానాను పిల్లలకు ఫోన్‌లో చూపించండి, చాలు.

నాది అనంతపురంలో గ్లాస్, అల్యూమినియం పని. కిటికీలు, షాపుల ముందు అద్దాలు, పార్టిషన్లు మాకు తిండి పెడతాయి. చేపలు నా పిచ్చి. ఇరవై ఏళ్లకు పైగా ఇంట్లో పెంచుతున్నా, అడిగినవాళ్లకు తొట్లు కట్టిస్తున్నా. అందుకని అద్దం పగిలితే తిట్లు, చేప చస్తే ఏడుపు, రెండూ నా వాకిట్లోకే వస్తాయి.

ముందు ఆ నిలువు తొట్టి లెక్క చూద్దాం. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 4 × 1 × 3 అంటే 12, దాదాపు 340 లీటర్లు. ఇప్పుడు అవే నీళ్లను 4 × 2 × 1½ తొట్టిలో పోయండి. అదీ 12, అవే 340 లీటర్లు. కానీ మొదటిదానిలో నీటి పైభాగం 4 చదరపుటడుగులు, రెండోదానిలో 8. చేపకు ఆక్సిజన్ అందేది ఆ పైభాగం నుంచే. బుడగల మోటారు పెట్టాం కదా అంటారు చాలామంది. అది ముఖ్యంగా చేసే పని కింది నీళ్లను పైకి తెచ్చి ఆ పైభాగాన్ని కదిలించడం. బుడగలోంచి నేరుగా నీళ్లలో కలిసేది కొంచెమే.

మన ఎండలకు ఇది ఇంకా ముఖ్యం. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. 32 డిగ్రీలకు వచ్చేసరికి 7.3కు తగ్గుతుంది. తగ్గింది కొంచెమే కదా అనుకోవచ్చు, కానీ అదే వేడిలో చేప ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కడపలో గానీ కర్నూలులో గానీ బయట 42 ఉంటే ఏసీ లేని హాల్లో తొట్టి నీళ్లు 32, 33 దగ్గర ఉంటాయి. అంటే ఇటు ఖర్చు పెరిగి అటు రాబడి తగ్గే నెలలన్నమాట. ఆ టైంలో కరెంటు పోతే నిలువు తొట్టి పని అయిపోయినట్టే.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నా రెండో తొట్టి సరిగ్గా అలాంటిదే: మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. ఏంజెల్ ఫిష్‌లకు ఎత్తు బాగుంటుందని ఎవరో చెబితే నేనే కోసి నేనే అతికించుకున్నా. మే నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక కరెంటు పోయింది. పన్నెండున్నరకు టార్చి వేసి చూస్తే ఏడు ఏంజెళ్లూ నీటి అంచున వరసగా నోళ్లు పైకి పెట్టి ఉన్నాయి, కింద ఒక్కటి లేదు. నేను స్టూలెక్కి చెంబుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోయడం, చెయ్యి నొప్పి పుడితే మా ఆవిడ పోయడం. మూడున్నరకు కరెంటు వచ్చింది. తెల్లారేసరికి నాలుగు పోయాయి. మూడు పైకి తేలాయి, నాలుగోది అడుగున చెక్క దుంగ వెనకాల ఇరుక్కుంది. స్టూలెక్కి, చంక దాకా చెయ్యి ముంచి, బనీను తడిసినా వేళ్లకు అందలేదు. చివరికి కర్రకు అట్లకాడ కట్టి తీశా. ఆ అట్లకాడను మా ఆవిడ మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు, కొత్తది కొనివ్వాల్సి వచ్చింది.

మీ చెయ్యే మీ కొలబద్ద. చంక నుంచి వేళ్ల కొస దాకా చాలామందికి 24 నుంచి 27 అంగుళాలు ఉంటుంది. తొట్టి అడుగుకు చెయ్యి సులువుగా అందాలి, రాయి జరపాలి, పాచి గీకాలి, చచ్చిన చేపను తీయాలి. 24 అంగుళాల ఎత్తు దాటితే ఈ పనులన్నీ వాయిదా పడతాయి. వాయిదా పడిన తొట్టి ఆరు నెలల్లో అటక ఎక్కుతుంది. మీ ఇంట్లో శుభ్రం చేసేది మీ ఆవిడో, పెద్దబ్బాయో అయితే వాళ్ల చెయ్యి కొలవండి, మీది కాదు.

ఇక అద్దం సంగతి. నీళ్లు అద్దాన్ని తోసేది ఎన్ని లీటర్లున్నాయన్న లెక్కన కాదు, ఎంత లోతున్నాయన్న లెక్కన. నాలుగడుగుల పొడవున్న ముందు పలక మీద ఒకటిన్నర అడుగుల నీళ్లు పెట్టే తోపు మొత్తం 127 కేజీల దాకా ఉంటుంది. అదే పొడవు, మూడడుగుల నీళ్లయితే 510 కేజీలు. ఎత్తు రెట్టింపు చేస్తే తోపు నాలుగింతలు. అందుకే 18 అంగుళాల ఎత్తుకు నేను 10 ఎంఎం అద్దం వేస్తా, పైన చుట్టూ రెండు, మూడంగుళాల గ్లాస్ పట్టీలు అతికించి. మీకు చెప్పిన ఐదడుగుల తొట్టికి 12 ఎంఎం, దానికీ పట్టీలు, మధ్యలో అడ్డపట్టీ ఒకటి. మూడడుగుల ఎత్తంటే 15 ఎంఎం కన్నా తక్కువ నేను ముట్టుకోను, 19 అయితేనే రాత్రి నిద్రపడుతుంది. మీకు షాపులో చూపించినది ఎన్ని ఎంఎం? బిల్లు కట్టే ముందు అంచు మీద టేపు పెట్టి మీరే కొలవండి. నోటిమాట మీద పోకండి.

ఇంకో సంగతి, ఎవరూ లెక్కేయరు. ఆ నిలువు తొట్టికి 34 చదరపుటడుగుల అద్దం పడుతుంది, పైగా మందపుది. అవే నీళ్లు పట్టే వెడల్పు తొట్టికి 26 చదరపుటడుగులు, పలచటి అద్దం సరిపోతుంది. అంటే "గ్రాండ్" కోసం ఎక్కువ డబ్బిచ్చి తక్కువ చోటు కొంటున్నారు.

టఫన్డ్ గ్లాస్, అంటే వేడి చేసి గట్టిపరిచిన అద్దం, వేయిస్తే గట్టిగా ఉంటుంది కదా అని ప్రతి రెండో మనిషీ అడుగుతాడు. తలుపులకు, మెట్ల రెయిలింగుకు నేనే టఫన్డ్ వేస్తా. తొట్టికి వేయను. మామూలు అద్దం బీట వారితే చాలాసార్లు ముందు నీళ్లు కారి మనకు తెలుస్తుంది, బకెట్లు పట్టే టైముంటుంది. టఫన్డ్ పోయిందంటే పలక మొత్తం ఒక్కసారిగా బఠాణీ గింజల్లా రాలిపోతుంది, 400 లీటర్లూ సోఫా కిందికి పోతాయి. తర్వాత పైపు కోసం రంధ్రం పెడదామన్నా కుదరదు. మామూలు ప్లెయిన్ గ్లాసే, మందంగా, అంచులు పాలిష్ పట్టించి వేయించుకోండి. పలకలు అతికించే జిగురు, అంటే సిలికాన్, అక్వేరియం రకం వాడమనండి. బాత్రూముల్లో వాడే ఫంగస్ రాని సిలికాన్‌లో మందు కలిపి ఉంటుంది, అది చేపలకు పడదు. అతికించాక వారం రోజులు ఆరనివ్వాలి. తర్వాత మూడు రోజులు షాపు దగ్గరే నిండా నీళ్లు పోసి ఉంచి, అప్పుడు ఇంటికి తెమ్మనండి. ఇది అడగడానికి మొహమాటపడకండి, మా దగ్గర అడక్కపోయినా చేస్తాం.

మీ బామ్మర్ది చెప్పిన వంపు అద్దం మూల తొట్టి అందంగానే ఉంటుంది, కాదనను. కానీ పక్కనుంచి చూస్తే చేప సాగి కనిపిస్తుంది, పాచి గీకే అయస్కాంతం వంపు మీద సరిగ్గా కూర్చోదు. చేపకు ఒక్క దిక్కులోనూ పొడవైన ఈత దొరకదు, గిర్రున తిరగడమే. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఆ అద్దం పగిలితే. నలుపలకల తొట్టికి ఒక పలక పోతే కడపలో ఏ గ్లాస్ షాపులోనైనా సాయంత్రానికి కోయించి మళ్లీ అతికించొచ్చు. వంపు పలక ఎక్కడ దొరుకుతుంది? తొట్టి మొత్తం పారేయాల్సిందే. ఆరు పలకలవి, గుండ్రటి స్తంభాల్లాంటివి, గోడకు ఫొటో ఫ్రేములా తగిలించే నాలుగంగుళాల మందంవి, టీపాయ్ తొట్లు, వీటి గురించి విడిగా రాయను. హోటల్ రిసెప్షన్‌లో నెలకోసారి చేపలు మార్చేవాళ్లకు అవి.

ఆకారం మీద మోజు తీరకపోతే ఒక దారుంది. హాలుకూ డైనింగుకూ మధ్య పార్టిషన్‌లా రెండు పక్కలా కనిపించే దీర్ఘచతురస్రం. నేనే నాలుగైదు కట్టించా. అయితే అందులో చేపకు వెన్ను ఆనించుకునే గోడ ఉండదు, రెండు పక్కలా మనుషులు తిరుగుతుంటే బెదురుతుంది, మధ్యలో రాళ్లో మొక్కలో అడ్డం పెట్టాలి. వైర్లు, పైపులు దాచడం ఇంకో తలనొప్పి. పైగా హాలు మధ్యలో బరువు. మీది మొదటి అంతస్తు కాబట్టి వద్దంటాను.

ఇప్పుడు చేపలు. తొట్టి సైజు ఎప్పుడూ చేప ఈ రోజు ఎంతుందో చూసి కొనకూడదు, ఎంత పెరుగుతుందో చూసి కొనాలి. నా లెక్క ఏంటంటే, తొట్టి వెడల్పు ఎదిగిన చేప పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లుండాలి, అది వెనక్కి తిరగాలి కాబట్టి. షాపులో రెండంగుళాలున్న ఆస్కార్ బాగా మేపితే ఏడాది తిరిగేసరికి 8, 10 అంగుళాలవుతుంది, 12 దాకా పోతుంది. అడుగు చేప అడుగు వెడల్పు తొట్టిలో ఎలా తిరుగుతుంది? కర్నూలులో ఒకాయన "చేప మూతికి పుండు, ఏ మందు వేయాలి" అని ఫోన్ చేశారు. వీడియో పంపమన్నా. ప్రతి మలుపులో కింది పెదవి అద్దానికి రాసుకుంటోంది, ఒరుసుకుపోయి తెల్లగా కండ కనిపిస్తోంది. మందు ఏమీ వేయించలేదు. అదే పొడవు, రెండడుగుల వెడల్పు తొట్టి కట్టించా, నెలన్నరకు మూతి మామూలైంది.

సిల్వర్ అరోవానా అమెజాన్ చేప, మూడడుగుల దాకా పెరుగుతుంది. అది వెన్ను బాగా వంచి తిరగగలదు కాబట్టి నా లెక్కలో దానికి కొంత మినహాయింపు ఇచ్చినా, ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లేకుండా పెంచమని చెప్పలేను. పైకి ఎగిరి దూకుతుంది, బరువైన మూత కావాలి. "చిన్నప్పుడు ఇందులో పెంచి పెద్దయ్యాక మారుస్తాం" అన్నవాళ్లు పది మంది ఉంటే మార్చినవాళ్లు ఒకరో ఇద్దరో. ఇంకో మోసం "బేబీ షార్క్" అని అమ్మేది. అది మన కొల్లేరు వైపు చెరువుల్లో పెంచి మార్కెట్‌కు పంపే పంగాస్ చేపే. కేజీల లెక్కన పెరిగే చేపను హాల్లో పెట్టుకుని ఏం చేస్తాం?

మీ ఐదడుగుల తొట్టిలో రెండు ఆస్కార్లు హాయిగా ఉంటాయి. నన్నడిగితే మాత్రం బోరు నీళ్లకు ఇంకా బాగా నప్పేవి ఆఫ్రికాలోని మలావి సరస్సు సిక్లిడ్లు అనే చేపలు. వాటిలో రాళ్ల మధ్య బతికే ఎంబునా అనే చిన్న రకాలు తీసుకోండి. అయిదారు అంగుళాల లోపే ఉంటాయి, నీలం, పసుపు, నారింజ, పిల్లలకు రంగులకు లోటుండదు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, డిస్కస్ లాంటి, సున్నం తక్కువున్న మెత్తని నీళ్ల చేపలకు అది శత్రువు, వీటికి పుట్టిల్లు. మన నాపరాయి ముక్కలనే గుహల్లా పేర్చొచ్చు, అదీ సున్నపురాయే కాబట్టి. అంచులు మాత్రం ఆకురాయితో నున్నగా చేయండి. రాళ్లు ఇసుక మీద పెట్టకండి, ఈ చేపలు ఇసుక తవ్వేస్తాయి, కొండ కూలి అద్దానికి తగులుతుంది. ముందు రాళ్లు పేర్చి, తర్వాత ఇసుక పోయాలి. రాళ్ల గుట్ట నిలబడాలన్నా, దాని చుట్టూ చేపలు తిరగాలన్నా మళ్లీ వెడల్పే కావాలి. ఆస్కార్లూ ఇవీ కలిపి పెట్టకూడదు, ఏదో ఒకటే ఎంచుకోండి.

స్లాబు దగ్గరికి వద్దాం. 5 × 2 అడుగులు, 20 అంగుళాల ఎత్తు నిండా పోస్తే 470 లీటర్లు. పైన కొంచెం జాగా వదిలి, ఇసుక తీసేస్తే నిజంగా ఉండే నీళ్లు 400 పైచిలుకు. అద్దం 90 కేజీలు, ఇసుక, రాళ్లు 70, ఇనుప స్టాండు 60, 70. మొత్తం 650 కేజీల దగ్గర తేలుతుంది. పది మంది పెద్దవాళ్లు మంచమంత జాగాలో పగలూ రాత్రీ కదలకుండా నిలబడినట్టు. ఇళ్ల స్లాబులను చదరపు మీటరుకు 200 కేజీల వాడకం బరువు లెక్కన డిజైన్ చేస్తారు. మీ తొట్టి కింద జాగా చదరపు మీటరు కన్నా కొంచెం తక్కువ. లెక్క మూడింతలు దాటింది కదా అని భయపడకండి, హాలంతా ఒకేసారి ఆ బరువు ఉండదు, చుట్టుపక్కల స్లాబు కూడా కొంత పంచుకుంటుంది. అయితే ఎక్కడ పెడుతున్నారన్నదే అసలు సంగతి. కింద బీమో, కింది అంతస్తు గోడో ఉన్న గోడకు ఆనించి, పొడవు వైపు గోడ వెంబడి పెట్టండి. హాలు మధ్యలో వద్దు. బాల్కనీలాగా బయటికి వేలాడే భాగం మీద అసలే వద్దు. మీ ఇల్లు కొత్తది, ప్లాను వేసిన ఇంజనీరు నంబరు మీ ఫోన్‌లోనే ఉంటుంది. "ఫలానా గోడ దగ్గర ఐదుకు రెండడుగుల జాగాలో 650 కేజీలు శాశ్వతంగా పెడుతున్నా" అని ఇదే మాట చెప్పి అడగండి. మేస్త్రీ "ఏం కాదు సార్" అంటే దాన్ని జవాబు కింద లెక్కేయకండి.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. మన దిక్కున తాడిపత్రి, జమ్మలమడుగు, బనగానపల్లె, బేతంచెర్ల చుట్టుపక్కల పాత మిద్దెల్లో దూలాల మీద రాతి బండలు పరిచి ఉంటాయి. రాయి నిలువు బరువు ఎంతైనా మోస్తుంది గానీ వంపు ఓర్చుకోదు. ఇనుము లాగా ముందు వంగి చూపించదు, ఠప్పున విరుగుతుంది. అలాంటి మిద్దె పైగదిలో నాలుగడుగుల తొట్టి పెట్టాలని ఒకాయన అడ్వాన్సు కూడా ఇచ్చారు. కింద నుంచి చూస్తే ఒక బండకు నిలువునా వెంట్రుకంత చీలిక. డబ్బు వెనక్కిచ్చేస్తానన్నా, చివరికి తొట్టిని కింది అంతస్తు పడసాలలో పెట్టించా. బండల మిద్దె మీద అక్వేరియం వద్దు, చిన్నదైనా సరే.

మరి ఆరడుగులు, ఎనిమిదడుగులు ఎందుకు చెప్పలేదంటే, నీళ్లు. పెద్ద తొట్టిలో నీళ్లు త్వరగా చెడవు, వేడి కూడా నిదానంగా ఎక్కుతుంది, ఆ మేలు నిజమే. కానీ వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చాల్సిందే. మీ ఐదడుగుల తొట్టికి అది 100 లీటర్ల పైన, ఏడు బకెట్లు. పైపు వేసుకుంటే అరగంట పని, తీసిన నీళ్లు కరివేపాకు చెట్టుకు, జామచెట్టుకు పోతాయి, ఎరువు లాంటివే. ఎనిమిదడుగుల తొట్టికైతే ఇంకెన్ని బకెట్లో మీరే లెక్కేసుకోండి. మేలో బోరు ఎండి ట్యాంకరు కోసం ఫోన్లు చేసే ఇంట్లో చేపలకు అన్ని నీళ్లంటే ఇంటిల్లిపాదీ ఆ తొట్టిని పగబడతారు. అనంతపురంలో ఇది చాలా ఇళ్లలో చూశా. మీ ఇంట్లో అందరికన్నా నీళ్లు కటకటగా ఉండే నెలలో ఎన్ని బకెట్లు వదులుకోగలరో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి తొట్టి సైజు లెక్కేయండి.

వెడల్పు తొట్టికి ఒక నష్టం కూడా ఉంది, దాచను. పైభాగం ఎక్కువ కాబట్టి నీళ్లు ఎక్కువ ఆవిరవుతాయి. ఎండాకాలం నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు, మూడు డిగ్రీలు చల్లబడుతుంది, కానీ మా ఇంట్లో రోజుకు పావంగుళం దిగుతుంది, మీ తొట్టి కొలతకు ఆరు లీటర్ల దాకా. ఆవిరయ్యేది నీళ్లే, సున్నం లోపలే ఉండిపోతుంది. దానిమీద మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే రోజురోజుకూ చిక్కబడుతుంది. తగ్గినదానికి మటుకు సున్నం తక్కువుండే వాటర్ ప్లాంటు క్యాను నీళ్లు పోయండి, వారానికి మార్చేవి బోరువి పోయండి.

ఆర్డర్ ఇచ్చే ముందు మెట్లు కొలవండి. నవ్వుకోకండి. ఆరడుగుల తొట్టి ఒకటి కడపలోనే రెండో అంతస్తుకు చేర్చాలి, కొలత నేను తీసుకోలేదు, ఇంటాయన చెప్పిన మాట నమ్మా. మెట్ల మలుపులో అటు తిరగదు, ఇటు తిరగదు. ఆరుగురం చెమటలు కక్కుకుంటూ మలుపులో ఇరుక్కుని, పైవాడు కిందికి రాలేక, కిందివాడు పైకి పోలేక ముప్పావుగంట. చివరికి కిందికి దింపి, బ్లేడుతో అతుకులు కోసి, పలకలు విడదీసి పైకి మోసి, హాల్లోనే మళ్లీ అతికించా. పది రోజులు ఆ హాల్లో సిలికాన్ వాసన. ఇప్పుడు మలుపు వెడల్పు, తలుపు వెడల్పు, లిఫ్టు ఉంటే దాని మూల నుంచి మూలకు కొలత రాసుకోనిదే అద్దం కోయను.

స్టాండు 40 ఎంఎం చదరపు ఇనుప పైపు, 2 ఎంఎం మందం, ఎత్తు 30 అంగుళాలు చేయించండి. సోఫాలో కూర్చుంటే తొట్టి మధ్యభాగం కళ్లకు సమంగా వస్తుంది. కొందరు ఇటుక గోడల మీద కడప బండ వేసి వంటగట్టులా కట్టిస్తారు. అదీ బాగానే ఉంటుంది, కానీ రెండు చివర్లే కాకుండా ప్రతి అడుగున్నరకు కింద ఇటుక ఆధారం ఉండాలి, ఇందాక రాయి గురించి చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది. ఏది వేసినా రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూడండి. మీద అర అంగుళం థర్మాకోల్ పరిచి, చేత్తో తడిమి, ఒక్క ఇసుక రేణువు కూడా లేదని చూసుకుని తొట్టి దింపండి. అడుగు పలక కింద చిన్న గులకరాయి చాలు, నీళ్లు నిండాక అక్కడి నుంచే బీట మొదలవుతుంది. గోడకూ తొట్టికీ మధ్య నాలుగైదు అంగుళాలు వదలండి పైపులకు, పైన చెయ్యి ఆడడానికి అడుగున్నర. పడమటి కిటికీ ఎండ నేరుగా పడే చోటు వద్దు.

వాస్తు మీరు అడగలేదు గానీ ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. నీళ్లు ఈశాన్యంలో ఉండాలంటారు, ఈశాన్యంలో బరువు పెట్టకూడదనీ వాళ్లే అంటారు. 650 కేజీల నీళ్ల తొట్టికి ఏ మూల చెప్తారో నాకు తెలీదు. నేను బీము ఎక్కడుంటే అక్కడ పెట్టిస్తా.

పాత రెండడుగుల తొట్టి అమ్మకండి. కొత్తగా తెచ్చిన చేపలను మూడు, నాలుగు వారాలు అందులో ఉంచి, జబ్బేమీ లేదని తేలాకే పెద్దదానిలోకి వదలండి. దెబ్బలు తిన్న చేపను విడిగా పెట్టడానికీ అదే పనికొస్తుంది. మెట్ల మలుపు కొలత, మీరు అనుకుంటున్న గోడ ఫొటో, కింది అంతస్తులో ఆ గోడ కింద ఏముందో పెడితే పొడవు ఐదా నాలుగా ఖాయంగా చెప్తా.